ఎర్ర గీతకు బయట ఏముంది? పల్లె లేఅవుట్ పరిశీలనలో అసలు చూడాల్సినవి

లేఅవుట్ ఫైలు తెరవగానే ముందు కంటికి ఆనేది రంగుల నక్షా. చుట్టూ మందపాటి ఎర్ర గీత, లోపల పసుపు రంగు ప్లాట్లు, బూడిద రంగు రోడ్లు, ఓ మూలన ఆకుపచ్చ పార్కు. స్కేలు పెట్టి కొలిస్తే అన్నీ సరిపోతాయి. సరిపోయేలా గీయడమే గీసినవాళ్ల పని కాబట్టి అందులో వింతేమీ లేదు. అయితే అయిదారేళ్ల తర్వాత తేలే గొడవల్లో చాలా వరకు ఆ గీత లోపల పుట్టినవి కావు. పై పొలాల నుంచి దిగే వాన నీరు, కిందనున్న రైతు గట్టు, ఊరి రోడ్డు నుంచి లేఅవుట్ గేటు దాకా ఉన్న బండ్ల బాట, పక్కవాళ్ల బోరు: ఇవన్నీ గీతకు బయటివి. పరిశీలనకు దొరికే సమయం మాత్రం దాదాపు అంతా గీత లోపలే ఖర్చయిపోతుంది. లోపలిది స్కేలుతో తేలుతుంది. బయటిది తేలాలంటే చెప్పులకు మట్టి అంటాలి.

ఈ వ్యాసం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల పరిధిలో వచ్చే ఇళ్ల స్థలాల లేఅవుట్ల గురించి. లెక్కలు పట్టుబడటానికి 20 ఎకరాల ఊహా లేఅవుట్ ఒకటి దగ్గర పెట్టుకుందాం.

ఫైలు నడిచే దారి

ఉమ్మడి రాష్ట్రంలో పంచాయతీ లేఅవుట్లకు 2002 ఫిబ్రవరిలో జీవో 67 కింద నిబంధనలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 జులైలో జీవో 275తో భూ అభివృద్ధి నిబంధనలు విడిగా వెలువడ్డాయి. తెలంగాణలో పంచాయతీల అధికారాలకు 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ఆధారం. రెండు రాష్ట్రాల్లోనూ శాతాలు, రుసుములు, రోడ్ల వెడల్పులు సవరణలతో మారుతూ వచ్చాయి. అందుకని పాత ఫైలు పక్కన పెట్టుకుని కొత్త ఫైలు చూడటం ప్రమాదం. దరఖాస్తు తేదీన ఏది అమల్లో ఉందో అదే చూడాలి.

దారి స్థూలంగా ఒకటే. దరఖాస్తు పంచాయతీకి వస్తుంది. కార్యదర్శి తన నివేదికతో దాన్ని టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ అధికారులకు, పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోని ఊరైతే ఆ సంస్థకు పంపుతాడు. సాంకేతికంగా సరే అనుకుంటే ముందు తాత్కాలిక లేఅవుట్ ఇస్తారు. జనం టీఎల్‌పీ అనేది దాన్నే. రోడ్లు, డ్రెయిన్లు, నీళ్లు, కరెంటు పనులు పూర్తి చేసి, రోడ్లనూ ఖాళీ స్థలాన్నీ పంచాయతీ పేర గిఫ్ట్ డీడ్ చేశాక తుది లేఅవుట్ విడుదలవుతుంది. పనులు పూర్తి చేస్తారన్న హామీ కింద ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం తనఖాలో ఉంటుంది. వీటికి తోడు 500 చదరపు మీటర్లకు మించిన స్థలమైనా, ఎనిమిదికి మించి ప్లాట్లున్నా 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద నమోదు చేయించనిదే అమ్మకానికి ప్రకటన కూడా ఇవ్వకూడదు. 20 ఎకరాలకైతే ఈ ప్రశ్నే రాదు, రెరా తప్పనిసరి.

ఈ దారిలో ఊరి గురించి తెలిసిన కాగితం ఒక్కటే, పంచాయతీ నివేదిక. పైనున్న సాంకేతిక అధికారికి ఊళ్లో వాన ఎటు పారుతుందో తెలియదు. కార్యదర్శికి తెలుస్తుంది, తెలియకపోతే నీరటికాడిని అడిగితే తెలుస్తుంది. అలాంటి నివేదికే చాలా ఫైళ్లలో ‘అభ్యంతరం లేదు’ అన్న ఒక్క వాక్యంతో ముగుస్తుంది. పరిశీలన మొత్తంలో అన్నిటికంటే ఖరీదైన వాక్యం అదే.

కాగితంలో ఎక్కువ, నేల మీద తక్కువ. లేదా దానికి ఉల్టా

20 ఎకరాలు ఒకే సర్వే నంబర్‌లో దొరకడం అరుదు. అయిదారు సర్వే నంబర్లలో, పది పన్నెండు మంది పట్టాదారుల నుంచి ముక్కలు ముక్కలుగా కొని కలుపుతారు. కాబట్టి మొదటి పని కూడిక. పాస్‌బుక్కుల్లోని విస్తీర్ణాలన్నీ కూడాలి. ఆ మొత్తాన్ని డ్రాయింగ్‌లోని విస్తీర్ణంతో, సర్వేయర్ కొలిచిన విస్తీర్ణంతో పక్కపక్కన పెట్టి చూడాలి.

కాగితాల్లో 20 ఎకరాల 10 గుంటలు ఉండి, కొలతలో 20 ఎకరాల 22 గుంటలు వచ్చిందనుకుందాం. నేల కలిసొచ్చిందని సంబరపడేవాళ్లు ఉంటారు. గుంటకు 121 గజాల లెక్కన 12 గుంటలంటే 1,452 గజాలు, అంటే 200 గజాల ప్లాట్లు ఏడు. ఆ నేల ఆకాశం నుంచి ఊడిపడదు. అయితే పక్క రైతుది, లేకపోతే రెండు సర్వే నంబర్ల మధ్య నక్షాలో సన్నగా పోయే సర్కారు బాటదో కాలువదో. గోదావరి జిల్లాల్లో పుంత, కృష్ణా గుంటూరుల్లో డొంక, తెలంగాణలో బండ్ల బాట అనేవి సరిగ్గా ఇలాంటి సందుల్లోనే ఉంటాయి. ఎడ్ల బండ్లు పోయాక వాటి మీద ముళ్ల కంప పెరుగుతుంది. తర్వాత ఎవరో దున్నుతారు. ఆ తర్వాత అది లేఅవుట్‌లో ప్లాటుగా తేలుతుంది. కొన్నవాళ్లకు తెలిసేది ఇంటి పునాది తవ్వినప్పుడే.

దీన్ని పట్టుకునే పద్ధతి ఒకటుంది. ఊరి నక్షాను, సర్వే నంబర్ల కొలతల స్కెచ్‌లైన టిపన్‌లను లేదా ఎఫ్‌ఎంబీ కాపీలను ఒకే స్కేలుకు తెచ్చి, ప్రతిపాదిత డ్రాయింగ్ మీద పరచాలి. రెండు సర్వే నంబర్ల హద్దులు ఒకదానికొకటి ఆనుకున్నాయా, మధ్యలో జంట గీతలున్నాయా చూడాలి. జంట గీత ఉంటే అది పట్టా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అక్కడ పాత నంబరుకూ కొత్త నంబరుకూ లంకె చూపే పట్టిక ఫైల్లో లేకపోతే మిగతా ఏ పోలికా నిలవదు.

హక్కు విషయంలో మూడు చోట్ల కాలు జారుతుంది. ఒకటి అసైన్డ్ భూమి, దాని బదిలీ మీద 1977 చట్టం ఆంక్షలున్నాయి. రెండోది రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ఉండే నిషేధిత జాబితా. దీన్ని దరఖాస్తు రోజున ఒకసారి చూసి వదిలేస్తే చాలదు, తుది లేఅవుట్ ముందు మళ్లీ చూడాలి. మూడోది ఏజెన్సీ. షెడ్యూల్డ్ ప్రాంతమైతే 1/70 నిబంధన వర్తిస్తుంది. గిరిజనేతరులకు అక్కడ భూమి బదిలీయే కుదరదు కాబట్టి, నక్షా ఎంత ముచ్చటగా ఉన్నా ఫైలు అక్కడితో ఆగాలి.

సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చుకునే ప్రక్రియను జనం ‘నాలా’ అంటారు, 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను చట్టం ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలను బట్టి. దీంతో ఒక తమాషా తిరకాసు ఉంది. “నాలా సంగతి చూశారా?” అని అడిగితే చాలామంది కన్వర్షన్ చలానా చూపిస్తారు. అడిగింది వాన నీళ్లు పోయే నాలా గురించి. ఆ నాలాకు చలానా ఉండదు.

నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుంది

పల్లె లేఅవుట్‌లో అన్నిటికంటే ఎక్కువ సమయం తినాల్సిన భాగం ఇది. ఆచరణలో అన్నిటికంటే తక్కువ తినేదీ ఇదే.

పొలం వాన నీటిని కొంత తాగుతుంది, కొంత గట్ల వెంట నిలుపుకుంటుంది, మిగిలింది మెల్లగా వదులుతుంది. అదే నేల మీద సిమెంటు రోడ్లు, శ్లాబులు, బండలు పరిచిన వాకిళ్లు వస్తే నీరు ఎక్కువగా, అంతకంటే ముఖ్యంగా ఒక్కసారిగా వస్తుంది. ఇంజినీర్లు వాడే తేలిక సూత్రం ఒకటుంది. విస్తీర్ణాన్ని హెక్టార్లలో, వాన ఉద్ధృతిని గంటకు మిల్లీమీటర్లలో తీసుకుని, నేల స్వభావాన్ని బట్టి ఒక గుణకంతో గుణించి 360తో భాగిస్తే, సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు బయటికొస్తుందో తెలుస్తుంది. మన 20 ఎకరాలంటే 8.09 హెక్టార్లు. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. సాగు నేలకు గుణకం 0.3 అనుకుంటే సెకనుకు సుమారు 340 లీటర్లు. ఇళ్లు, రోడ్లు నిండాక గుణకం 0.65 అనుకుంటే సుమారు 730 లీటర్లు. వాన అదే, నేల అదే, పారే నీరు మాత్రం రెట్టింపు దాటింది.

ఇప్పుడు లేఅవుట్ దిగువన ఊరి రోడ్డు కింద ఉన్న పాత తూము పైపు దగ్గరికి వెళ్దాం. 600 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు, 200 అడుగులకు అడుగు వాలు. లోపల పూడిక లేకుండా నిండుగా పారితే అది మోయగలిగేది సెకనుకు 430 లీటర్ల చిల్లర. పొలాలున్నంత కాలం సరిపోయింది. లేఅవుట్ వచ్చాక మిగిలిన 300 లీటర్లు రోడ్డెక్కుతాయి, లేదా వెనక్కి తన్ని దిగువ వరుస ప్లాట్లలో నిలుస్తాయి. ఆ పైపు ఎర్ర గీతకు 100 మీటర్ల బయట ఉంది కాబట్టి డ్రాయింగ్‌లో దాని ఊసే ఉండదు.

దీనికి మందు కూడా కష్టమైనదేం కాదు. పెరిగిన 390 లీటర్ల ప్రవాహాన్ని అరగంట పాటు ఆపాలంటే సుమారు 700 ఘనపు మీటర్ల చోటు కావాలి. పార్కులో దిగువ వైపు మీటరు లోతున, 840 గజాల గుంట తీస్తే చాలు. ఎండాకాలంలో అది పిల్లల ఆటస్థలం, వానాకాలంలో నీటి కుంట. ఇది మోటు లెక్కే, డిజైన్‌కు ఆ ప్రాంతపు వాన వివరాలతో ఇంజినీరు మళ్లీ లెక్క కట్టాలి. కానీ తాత్కాలిక అనుమతి దశలోనే ఆ గుంటకు చోటు కేటాయించకపోతే తర్వాత అడగడానికి నేల మిగలదు.

లోపలి డ్రెయిన్లు చూసేటప్పుడు వేయాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఎక్కడ కలుస్తుంది? డ్రాయింగ్‌లో బాణం గుర్తు హద్దు గోడ దాకా వచ్చి ఆగిపోతుంది. గోడ అవతల ఒక రైతు పొలం. ఆ రైతు మొదటి వానకే గట్టు ఎత్తు చేసుకుంటాడు, అతన్ని తప్పుపట్టలేం. సర్కారు వాగు దాకానో, ఊరి డ్రెయిన్ దాకానో నీరు పోవడానికి రాతపూర్వకమైన దారి ఉండాలి. లేకపోతే ఆ డ్రెయిన్ పొడవాటి నీటి తొట్టి అవుతుంది.

పై నుంచి వచ్చే నీరు ఇంకో సమస్య. లేఅవుట్ చుట్టూ కట్టే ప్రహరీ, ఎగువ రైతు కోణంలో చూస్తే, అడ్డుకట్ట. ఎగువ వైపు గోడ బయట, హద్దు లోపలే, నీటిని మళ్లించే కాలువ చూపకుండా ప్రహరీకి సరే అనకూడదు.

చెరువుల సంగతి వేరే చెప్పాలి. కాకతీయుల కాలం నుంచి వచ్చిన గొలుసుకట్టు చెరువుల ప్రాంతంలో ఒక కుంట అలుగు పారిన నీరు కింది చెరువులోకి పోతుంది. ఆ రెండిటి మధ్య దారి ఎండాకాలంలో మామూలు పొలంలా కనిపిస్తుంది. భవన నిబంధనల జీవో 168 (2012) ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించిన వెడల్పున్న వాగు, కాలువ, నాలాలకు 9 మీటర్లు, అంతకు తక్కువ వాటికి 2 మీటర్లు. ఈ దూరాలను కొలవాల్సింది ఎఫ్‌టీఎల్ గీత నుంచి, మే నెలలో నీరు కనిపించే అంచు నుంచి కాదు. ఫైల్లో పెట్టే ఫొటోలు ఎక్కువగా మే నెలవే ఎందుకుంటాయో వేరే చెప్పక్కర్లేదు. శిఖం భూముల్లో, అంటే చెరువు లోపలి నేలల్లో, ఇంకో మెలిక ఉంది. కొన్నింటికి పట్టా ఉంటుంది, పన్ను రశీదులూ ఉంటాయి. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు వేరు, అక్కడ ఇళ్లు కట్టే హక్కు వేరు. పట్టా చూపగానే ఎఫ్‌టీఎల్ ప్రశ్న తీరిపోదు. ఊరి చెరువులు, ఉమ్మడి స్థలాల ఆక్రమణలను క్రమబద్ధం చేయడం తగదని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. ఈ తీర్పు తర్వాత ‘ముందు కట్టనీ, తర్వాత చూద్దాం’ అనే ధోరణికి చట్టంలో ఊతం లేదు.

నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ ఫైల్లో ఉంటే దాని వెనక స్కెచ్ ఉందా చూడాలి. సర్వే నంబర్ పేరుతో ‘ప్రభావితం కాదు’ అని రాసిన ఉత్తరానికీ, హద్దు రాళ్ల నుంచి ఎఫ్‌టీఎల్ గీత దూరాన్ని మీటర్లలో చూపిన స్కెచ్‌కూ చాలా తేడా ఉంది. మొదటిది రేపు ఎవరినీ కాపాడదు.

గేటు దాకా ఎలా వస్తారు

కరపత్రంలో ‘40 అడుగుల రోడ్లు’ అని ఉంటుంది, నిజమే, లోపల ఉంటాయి. గేటు నుంచి తారు రోడ్డు దాకా ఉన్న 300 మీటర్ల సంగతి కరపత్రం మాట్లాడదు. నక్షాలో ఆ బాట వెడల్పు ఎంత? రికార్డులో 16 అడుగులుండి, నేల మీద 30 అడుగులు కనిపిస్తే ఆ తేడా ఎవరి పొలం? పక్క రైతు నోటి మాటతో, లేదా నోటరీ కాగితంతో వదిలిన దారి ఆయన కొడుకుల పంపకాల నాటికి మూసుకుపోతుంది. వెడల్పు కోసం తీసుకున్న పట్టా నేల రిజిస్టర్ అయిన పత్రంతో పంచాయతీకి చేరి ఉండాలి. చేరిందని రెవెన్యూ రికార్డులోనూ కనపడాలి. ఇది తాత్కాలిక అనుమతికి ముందే జరగాలి. తర్వాత చూసుకుంటామంటే, అప్పటికి ఆ రైతు అడిగే ధర మారిపోతుంది.

కలిసే రోడ్డు ఎవరిదన్నది తర్వాతి ప్రశ్న. జాతీయ రహదారైతే దాని మీదికి దారి తెరవడానికి విడిగా అనుమతి కావాలి, ఆర్ అండ్ బీ రోడ్డైతే ఆ శాఖది. ఊరి రోడ్డు పీఎంజీఎస్‌వై (ప్రధాన మంత్రి గ్రామ సడక్ యోజన) కింద వేసిందైతే తారు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు, తక్కువ రద్దీ ఉన్నచోట 3 మీటర్లే. ఎదురెదురుగా రెండు ఇసుక టిప్పర్లు వస్తే ఒకటి భుజం దిగాల్సిందే. ఆ భుజం మట్టిది. మన లేఅవుట్‌లో రాబోయే దాదాపు 290 ఇళ్ల (లెక్క కింద ఉంది) కట్టుబడి సామగ్రి ఆ రోడ్డు మీదుగానే వస్తుందని గుర్తుంటే, దాన్ని ఎవరు, ఎంతలో బాగు చేయాలనే షరతు ఇప్పుడే రాసుకోవచ్చు.

లోపలి రోడ్లలో ఒక పాత ఎత్తుగడను మాత్రం కనిపెట్టాలి. రోడ్డు చివర హద్దు గీత దగ్గర అయిదారు అడుగుల సన్నని ముక్కను ‘పచ్చదనం’ పేరుతోనో, ఓ చిన్న ప్లాటుగానో వదులుతారు. ఎందుకంటే రేపు పక్క పొలం లేఅవుట్ అయితే ఆ రోడ్డు అందులోకి పోకుండా ఆ ముక్క అడ్డం పడుతుంది, దారి కావాలంటే దాన్ని కొనుక్కోవాలి. రోడ్లు హద్దు గీతను ముట్టి ఆగాలి. ముట్టకపోతే పదేళ్లకు ఊరి చుట్టూ ఒకదానితో ఒకటి కలవని గేటెడ్ గదులు మిగులుతాయి, అంబులెన్స్ ప్రతిసారీ మెయిన్ రోడ్డుకు తిరిగి రావాల్సి వస్తుంది.

విస్తీర్ణం పట్టిక

20 ఎకరాలంటే 96,800 గజాలు. ఖాళీ స్థలం 10 శాతం తీస్తే 9,680. రోడ్లు 30 శాతం అనుకుంటే 29,040. ప్లాట్లకు మిగిలేది 58,080 గజాలు, 200 గజాల లెక్కన 290 ప్లాట్లు. ఎకరాకు 2,900 గజాలు అమ్మకానికి వస్తున్నాయన్నమాట. డ్రాయింగ్‌లో ఎకరాకు 3,300 గజాలు చూపిస్తుంటే రోడ్ల వెడల్పునో, ఖాళీ స్థలాన్నో మళ్లీ కొలవాలి.

10 శాతం ఉందా అన్నది సగం ప్రశ్నే. ఎక్కడుంది అన్నది మిగతా సగం. ప్లాటుకు పనికిరాని మూల ముక్కలు, హైటెన్షన్ తీగల కింది నేల, నాలా బఫర్, వీటిని కూడి 10 శాతం చేయడం మామూలే. 132 కేవీ లైన్‌కు 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్ల వెడల్పున దారి వదలాలి. ఆ నేల ఎటూ కట్టడానికి రాదు కాబట్టి దాన్ని పార్కుగా చూపితే లేఅవుట్ వేసినవారికి రెండు విధాలా లాభం, ఊరికి ఒక విధంగానూ కాదు. కనీసం ఒక ముక్క అయినా పెద్దదిగా, రోడ్డుకు ఆనుకుని, నలుచదరంగా ఉండాలని పట్టుబట్టాలి. గిఫ్ట్ డీడ్‌లో విస్తీర్ణం మాత్రమే రాస్తే చాలదు. నాలుగు వైపుల హద్దులు, కొలతలు, ప్లాన్ జతపరచి ఉండాలి. పంచాయతీ ఆస్తుల రిజిస్టర్‌లో ఆ రోజే ఎక్కాలి. ఎక్కని పార్కు కొన్నాళ్లకు ‘సవరించిన లేఅవుట్’లో రెండు ప్లాట్లవుతుంది.

తనఖా 15 శాతం అంటే ఇక్కడ 8,712 గజాలు, 43 ప్లాట్ల పైచిలుకు. ఏ ప్లాట్లను తనఖా పెడుతున్నారో చూస్తే వేసినవారి ఉద్దేశం అర్థమవుతుంది. వెనక వరుసలో, పల్లంలో, తీగల పక్కన ఉన్న 43 ప్లాట్లు ఇస్తే, వాటిని వదులుకోవడం పనులు పూర్తి చేయడం కంటే చౌక. అప్పుడు అది హామీ అనిపించుకోదు. తనఖా ప్లాట్లు లేఅవుట్ అంతటా చెదిరి, కొన్ని మూల ప్లాట్లతో సహా ఉండాలి. వాటి మార్కెట్ విలువ మిగిలిన పనుల అంచనా కంటే ఎక్కువుండాలి. తనఖా పత్రం రిజిస్టరై ఈసీలో (ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రంలో) కనిపిస్తే, తెలియక కొనేవాళ్లు కూడా తగ్గుతారు.

తాగే నీరు, వాడిన నీరు

290 ఇళ్లు, ఇంటికి నలుగురు అనుకుంటే 1,160 మంది. జల్ జీవన్ మిషన్ ప్రమాణమైన తలసరి 55 లీటర్ల లెక్కన రోజుకు 63,800 లీటర్లు. పట్టణ తరహాలో 135 లీటర్లు వాడితే 1,56,600. గంటకు 5,000 లీటర్లు ఇచ్చే బోరు రోజుకు 8 గంటలు నడిస్తే 40,000 లీటర్లు వస్తాయి. అంటే మొదటి లెక్కకు రెండు బోర్లు, రెండో లెక్కకు నాలుగు, ఒకటి చెడిపోతే ఇంకొకటి. ఒక బోరు, 20 వేల లీటర్ల ట్యాంకు చూపించి ‘నీటి వసతి కలదు’ అనడం కాగితానికి సరిపోతుంది. బోరు పరీక్ష అక్టోబరులో చేస్తే ఏ బోరైనా మంచిదే. ఏప్రిల్, మే నెలల్లో, వరసగా కొన్ని గంటలు తోడి, నీటిమట్టం ఎంత దిగింది, ఆపాక ఎంతసేపటికి కోలుకుంది అని రాసిన పట్టికే నమ్మదగినది. చుట్టుపక్కల రైతుల బోర్లలో మట్టం ఆ సమయంలో పడిందా అన్నది కూడా అదే పట్టికలో ఉండాలి.

వాడిన నీటి సంగతి ఇంకా తేలిగ్గా తీసిపారేస్తారు. ‘ఎవరి ఇంటికి వాళ్లు సెప్టిక్ ట్యాంక్, ఇంకుడు గుంత’ అంటారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ మధ్య 18 మీటర్ల దూరం కావాలి. 200 గజాల ప్లాటు అంటే సాధారణంగా 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. 60 అడుగులంటే 18.3 మీటర్లు. బోరు ముందు గోడకు ఆనించి, గుంత వెనక గోడకు ఆనించి పెడితే ఆ ఇంటి వరకు ఎలాగో గట్టెక్కుతుంది. కానీ పక్క ప్లాటువాళ్లు అటూ ఇటూ మార్చి పెట్టుకుంటే వాళ్ల గుంతకూ ఈ ఇంటి బోరుకూ మధ్య కొద్ది అడుగులే. 290 ఇళ్లలో అందరూ ఒకే తీరుగా పెట్టుకోరు. అందుచేత ఇంత చిన్న ప్లాట్లున్న చోట ఇంటింటికీ బోరు, ఇంటింటికీ ఇంకుడు గుంత రెండూ కుదరవు. ఉమ్మడి మంచినీటి సరఫరా అయినా ఉండాలి, ఉమ్మడి మురుగునీటి శుద్ధి అయినా ఉండాలి.

నల్లరేగడిలో ఇంకుడు గుంత అసలు ఇంకదు. దీన్ని తేల్చే పరీక్షకు ఖర్చు దాదాపు లేదు. గుంత ప్రతిపాదించిన లోతు దాకా జానెడు వెడల్పున గొయ్యి తీసి, రాత్రంతా నీటితో నానబెట్టి, మర్నాడు నీరు 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడాలి. 30 నిమిషాల లోపైతే గుంత పనిచేస్తుంది. గంట లోపైతే పొడవాటి ఇంకుడు కందకాలు ఆలోచించాలి. గంట దాటిందంటే సెప్టిక్ ట్యాంక్ నీరు రోడ్డు పక్క డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి ఎర్ర గీత బయటికి పోతుంది, ఎవరు ఏ షరతు రాసినా సరే. 20 ఎకరాల్లో ఎర్ర నేల, నల్ల నేల రెండూ ఉండొచ్చు కాబట్టి కనీసం నాలుగైదు చోట్ల పరీక్షించాలి.

కరెంటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ట్రాన్స్‌ఫార్మర్లకు విడిగా స్థలం చూపారా, అవి ఎవరి ఇంటి గేటుకూ ఎదురుగా పడకుండా ఉన్నాయా చూస్తే చాలు. వీధి దీపాల బిల్లు మాత్రం మొదటి రోజు నుంచే పంచాయతీదని గుర్తుండాలి, ఇంటి పన్ను వచ్చేది ఇళ్లు కట్టాకే.

షరతు ఎలా రాయాలి

‘తగిన డ్రైనేజీ సౌకర్యం కల్పించవలెను’ అన్న షరతును ఎవరూ ఉల్లంఘించలేరు, ఎందుకంటే అందులో ఏమీ లేదు. ‘దిగువ సరిహద్దు నుంచి ఊరి వాగు వరకు 110 మీటర్ల పొడవున, 0.9 మీటర్ల వెడల్పు గల కాంక్రీటు కాలువ, ఊరి రోడ్డు కింద 600 మిల్లీమీటర్ల రెండో పైపు, తుది లేఅవుట్ విడుదలకు ముందు’ అన్నది షరతు. ఎంత, ఎక్కడ, ఎప్పటిలోగా, ఎవరి ఖర్చుతో: ఈ నాలుగూ లేనిది షరతు కాదు, శుభాకాంక్ష. ఫలానా పని ఫలానా తనఖా ప్లాట్ల విడుదలతో ముడిపెట్టి ఉంటే, ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లిన వ్యక్తికి మొహమాటపడాల్సిన పనీ ఉండదు.

ఈ దశ తప్పితే ఏమవుతుందో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) చూపించింది. తెలంగాణ 2020 ఆగస్టు 31న ఇచ్చిన జీవో 131 ప్రకారం, కనీసం 10 శాతం ప్లాట్లు ఆ ఆగస్టు 26కు ముందు రిజిస్టర్ అయిన అనుమతిలేని లేఅవుట్లను క్రమబద్ధం చేసుకునే వీలు కల్పించారు. 10 శాతం ఖాళీ స్థలం వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలన్నారు. డబ్బు ప్రభుత్వానికి వస్తుంది, పార్కు మాత్రం రాదు. కట్టేది కూడా లేఅవుట్ వేసినవారు కాదు, కొనుక్కున్నవాళ్లు.

తుది లేఅవుట్ ముందు చేసే తనిఖీకి టేపు, ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవల్, ఆమోదిత డ్రాయింగ్ ఉంటే చాలంటారు. దానికి ఒక నీళ్ల ట్యాంకర్‌ను కలపాలి. 5,000 లీటర్ల ట్యాంకర్‌ను లేఅవుట్‌లో అన్నిటికంటే మెరక వీధి చివర నిలిపి, డ్రెయిన్‌లోకి ఒక్కసారిగా వదలాలి. నీటితో పాటు నడవాలి. ఎక్కడ ఆగింది, ఏ మలుపులో పొర్లింది, ఏ పైపు దగ్గర వెనక్కి తన్నింది అని డ్రాయింగ్ మీదే పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. హద్దు గోడ దగ్గరికి వచ్చాక వెనుదిరగకుండా గోడ అవతలికి వెళ్లి, ఆ నీరు చివరికి ఎవరి నేల మీద నిలిచిందో చూడాలి. వాగులో కాకుండా పొలంలో నిలిచి ఉంటే, ఆ సాయంత్రం విడుదల కావాల్సిన తనఖా ప్లాట్ల కాగితం మీద సంతకం పెట్టాల్సిన పని లేదు.